బయలుదేరాలా, ఆగాలా: ప్రైవేట్ పైలట్ ముందున్న ప్రశ్న

అధ్యక్షులకు, తోటి పైలట్లకు, లైసెన్సు కోసం శిక్షణ పొందుతున్న విద్యార్థులకు నమస్కారం.

నాకు అప్పగించిన అంశం, పరిస్థితులు అనుకూలంగా లేనప్పుడు టేకాఫ్ గురించి ప్రైవేట్ పైలట్ తీసుకునే నిర్ణయం. విమానం నడిపే నైపుణ్యం గురించి ఇవాళ నేను దాదాపు ఏమీ మాట్లాడను. విమానం ఇంకా నేల మీదే ఉండగా, ఇంజిన్ తిరగకముందు, కొన్నిసార్లు ముందు రోజు రాత్రే పైలట్ మనసులో జరిగే వ్యవహారం గురించి మాట్లాడతాను. నా వాదన ఒక్కటే. టేకాఫ్ చేయాలా వద్దా అన్నది రన్‌వే మొదట్లో నిలబడి తేల్చుకునే ప్రశ్న అని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ సరికే అది తేలిపోయి ఉంటుంది. ఇచ్చిన మాటలు, ఎదురుచూస్తున్న మనుషులు, పెట్టిన ఖర్చు అన్నీ కలిసి దాన్ని పైలట్ కంటే ముందే తేల్చేసి ఉంటాయి.

విమానయాన సంస్థల్లో ఈ నిర్ణయాన్ని ఒక్క మనిషి మీద వదిలేయరు. ప్రయాణాన్ని నేల మీద నుంచి పర్యవేక్షించే డిస్పాచర్ ఉంటాడు, కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉంటారు, ఎంత గాలి ఉంటే బయలుదేరవచ్చో, ఎన్ని గంటల డ్యూటీ తరువాత విశ్రాంతి తీసుకోవాలో చెప్పే నియమావళి ఉంటుంది. కెప్టెన్ వద్దంటే ఆ మాటకు ఒక వ్యవస్థ అండగా నిలుస్తుంది. ప్రైవేట్ పైలట్‌కు ఆ అండ లేదు. వాతావరణ నివేదిక చదివేది అతడే, బరువు లెక్క కట్టేది అతడే, వెళ్లాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేదీ అతడే. అంతర్జాతీయ పౌర విమానయానానికి పునాది అయిన షికాగో ఒప్పందం రెండో అనుబంధం ప్రకారం విమానం విషయంలో తుది అధికారం పైలట్-ఇన్-కమాండ్‌దే, అంటే ఆ ప్రయాణానికి బాధ్యుడైన పైలట్‌దే. ఆ అధికారాన్ని మనం హక్కుగా చదువుకుంటాం. కోరుకునేవాడూ కాదనవలసినవాడూ ఒక్కడే అయినప్పుడు అది ఎంత బరువో పరీక్షల్లో ఎవరూ అడగరు.

చట్టం అనుమతిస్తోంది కదా అన్న మాట మన మధ్య తరచుగా వినిపిస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం, 10,000 అడుగుల లోపు నియంత్రిత గగనతలంలో కంటిచూపు మీద ఆధారపడి ఎగరాలంటే 5 కిలోమీటర్ల దృశ్యమానత ఉండాలి. మేఘాలకు పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగుల దూరం ఉండాలి. ఇవి కనీస ప్రమాణాలు. ఎదుటి విమానాన్ని చూసి తప్పుకోవడానికి కావలసిన వ్యవధి వీటిలో ఉందేమో గానీ, అలసిన మనిషి కొత్త ప్రాంతంలో దారి వెతుక్కోవడానికి కావలసిన వ్యవధి లేదు. ఇంకా తక్కువ దృశ్యమానతలో విమానాశ్రయ కంట్రోల్ టవర్ ప్రత్యేక అనుమతితో బయలుదేరే వెసులుబాటు కూడా ఉంది, అమెరికాలో పగటిపూట దానికి ఒక మైలు చాలు. 100 నాట్ల (గంటకు సుమారు 185 కిలోమీటర్ల) వేగంతో పోయే విమానం ఆ మైలును 31 సెకన్లలో దాటుతుంది. అంటే మీకు కనిపిస్తున్న ప్రపంచమంతా అర నిమిషం ప్రయాణం.

ఆ ప్రత్యేక అనుమతి గురించి ఎందుకు చెప్పానంటే, 1996 ఏప్రిల్ 11న వయోమింగ్ రాష్ట్రంలోని షయెన్ విమానాశ్రయం నుంచి సెస్నా 177బి అనే చిన్న విమానం సరిగ్గా అలాంటి అనుమతితోనే లేచింది. అందులో ముగ్గురున్నారు: ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, విమానానికి పైలట్-ఇన్-కమాండ్ అయిన శిక్షకుడు. అమెరికా ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటిన అతి చిన్న వయసు పైలట్‌గా ఆ పాపకు పేరు రావాలన్నది ప్రయాణ లక్ష్యం. ముందు రోజు కాలిఫోర్నియా తీరంలోని హాఫ్ మూన్ బే నుంచి బయలుదేరి, రోజంతా ఎగిరి షయెన్ చేరారు. దారి పొడవునా పత్రికలవాళ్లు, టెలివిజన్ కెమెరాలు, ముందే ఒప్పుకున్న ముఖాముఖులు ఉన్నాయి.

ఆ ఉదయం ఉరుముల మేఘం ఒకటి విమానాశ్రయం మీదికి కదిలి వస్తోంది. షయెన్ ఎత్తు సముద్రమట్టానికి 6,156 అడుగులు, అంత ఎత్తులో గాలి పలుచబడి రెక్కలకూ ఇంజిన్‌కూ బలం తగ్గుతుంది. ఆ శిక్షకుడికి అలవాటైన విమానాశ్రయం సముద్రపు ఒడ్డున ఉంది. విమానం బరువు అనుమతించిన పరిమితికంటే 96 పౌండ్లు ఎక్కువ. కాస్త ముందు బయలుదేరిన మరో విమానం పైలట్ గాలి వేగం 15 నాట్ల మేర పెరుగుతూ తగ్గుతూ ఉందని రేడియోలో చెబితే, టవర్ ఆ మాటను వీరికి అందించింది. దృశ్యమానత పడిపోయి కంటిచూపుతో ఎగిరే ప్రమాణంకంటే తగ్గిందని కూడా చెప్పింది. శిక్షకుడు ప్రత్యేక అనుమతి అడిగి, తీసుకుని, బయలుదేరాడు. వానలో, కష్టంగా, నెమ్మదిగా ఎక్కుతూ, కుడివైపు తిరుగుతూ ఆ విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోయి, ఇళ్ల మధ్య వీధిలో కూలింది. ముగ్గురూ చనిపోయారు.

విచారణ జరిపిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి కారణం రాసిన తీరు ప్రతి పైలటూ చదవదగ్గది. విమానం బరువు ఎక్కువై, గాలి పలుచదనం అలవాటుకు మించి ఉండగా, దిగజారుతున్న వాతావరణంలోకి టేకాఫ్ చేయాలన్న పైలట్ నిర్ణయం సరికాదని, దాని ఫలితంగానే స్టాల్ జరిగిందని తేల్చింది. అంతటితో ఆగకుండా, ప్రసార మాధ్యమాలకు ఇచ్చిన మాటల వల్ల కూడా అతి పెద్ద ఆశతో కూడిన ప్రయాణ ప్రణాళికకు కట్టుబడి ఉండాలన్న తపన దోహదం చేసిందని చేర్చింది. యంత్రాల విచారణలో మనిషి తపన ఒక కారణంగా నమోదైంది. విషయాలను విడివిడిగా చూడండి. 96 పౌండ్లు అదనం అంటే చాలామంది భుజాలు ఎగరేస్తారు. ఎత్తైన విమానాశ్రయాల నుంచి రోజూ విమానాలు లేస్తాయి. గాలివాన పక్కగా ఉండగా లేచినవారూ ఉంటారు. ఈ మూడూ ఒకే ఉదయం కలిశాయి, తూర్పున ఎవరో ఎదురుచూస్తున్నారు. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ పిల్లల చేత రికార్డు ప్రయాణాలు చేయించకుండా చట్టం చేసింది. మంచి చట్టమే, కానీ ఆ ఉదయం ఆగిపోవలసిన నిర్ణయం పిల్లది కాదు, అనుభవం ఉన్న పెద్దవాడిది.

ఇబ్బందులు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కూడికలా పెరగవు, గుణింతంలా పెరుగుతాయి. దీన్ని ఒక లెక్కతో చూపిస్తాను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల కోసం ప్రచురించిన సూచనల్లో కొన్ని గుణకాలు ఉన్నాయి. బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం 20 శాతం పెరుగుతుంది. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 10 శాతం, రన్‌వే 2 శాతం ఎగువకు వాలి ఉంటే మరో 10 శాతం, తడిసిన గడ్డి అయితే 30 శాతం పెరుగుతుంది. మన విమానం పుస్తకం ప్రకారం, నేల విడిచి 50 అడుగుల ఎత్తు చేరడానికి 500 మీటర్లు కావాలనుకుందాం. ఇవాళ మన బరువు గరిష్ఠ పరిమితి లోపలే ఉన్నా, పుస్తకంలోని ఆ అంకెకు ఆధారమైన బరువుకంటే 10 శాతం ఎక్కువ. వేడి 10 డిగ్రీలు ఎక్కువ. రాత్రి వాన పడి గడ్డి తడిసింది. రన్‌వే కొద్దిగా ఎగువకు ఉంది. ఒక్కొక్కటీ చూస్తే ఏదీ భయపెట్టేది కాదు. 500ను 1.2తో, 1.1తో, 1.3తో, మళ్లీ 1.1తో గుణించండి: 944 మీటర్లు. రన్‌వే పొడవు 1,000 మీటర్లు.

ఇక్కడే ఆగి ఆలోచించమంటాను. 944 అనేది 1,000 కంటే తక్కువ, కాబట్టి చాలదా? బయలుదేరాలని ఉన్న మనిషికి చాలుతుంది. కానీ పుస్తకంలోని 500 మీటర్లు కొత్త ఇంజిన్‌తో, కొత్త విమానంతో, పరీక్షలు చేయడమే వృత్తి అయిన పైలట్ సాధించిన దూరం. మన విమానం ప్రొపెల్లర్ అంచులు అరిగి ఉంటాయి, టైర్లలో గాలి కాస్త తగ్గి ఉంటుంది, మన చేతికి ఆ నేర్పు ఉండదు. అందుకే అవే సూచనలు చివరి అంకెను 1.33తో గుణించమంటాయి. అప్పుడు వచ్చేది 1,255 మీటర్లు. బయలుదేరవచ్చని చెప్పిన లెక్కే ఒక్క గుణింతం తరువాత వద్దంటోంది. ఆ చివరి గుణింతాన్ని ఇంటి దగ్గర ఎవరైనా చేస్తారు. ఇంజిన్ తిరుగుతుండగా, వెనుక సీట్లో ఇద్దరు బెల్టులు పెట్టుకుని కూర్చుని ఉండగా దాన్ని చేసేవారిని నేను అరుదుగా చూశాను.

రెక్కల మీద పేరుకున్న మంచు పొర గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చర్చకు తావు లేదు. గరుకు కాగితమంత పలుచని మంచు పొర రెక్క పై భాగాన ఉంటే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, 30 శాతం దాకా తగ్గవచ్చు, డ్రాగ్, అంటే వెనక్కి లాగే గాలి నిరోధం, 40 శాతం దాకా పెరగవచ్చు. తుడవకుండా బయలుదేరకూడదు, అంతే.

మేఘాల విషయం అంత సులువు కాదు, ఎందుకంటే అక్కడ ప్రమాదం టేకాఫ్ సమయంలో కంటికి కనిపించదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే పరికరాల మీదే ఆధారపడి ఎగిరే అర్హత, లేని పైలట్ ఎదర కాస్త మసకగా ఉందిలే, వెళ్లి చూద్దాం అనుకుని బయలుదేరతాడు. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, పరికరాలతో ఎగిరే అనుభవం లేని 20 మందిని బయటి దృశ్యం కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. 20 మందిలో ఒక్కరు కూడా అదుపు నిలుపుకోలేకపోయారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. లోపలి చెవి విమానం తిన్నగా ఉందని చెబుతూనే ఉంటుంది, విమానం ఒక పక్కకు ఒరిగి చుట్టు తిరుగుతూ కిందికి దిగుతూ ఉంటుంది. 1959 ఫిబ్రవరి 3న అర్ధరాత్రి దాటాక అయోవాలోని మేసన్ సిటీ నుంచి మంచు కురుస్తుండగా లేచిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే చిన్న విమానం కొద్ది నిమిషాల్లోనే క్లియర్ లేక్ దగ్గర పొలంలో కూలింది. అందులో గాయకుడు బడ్డీ హోలీ, మరో ఇద్దరు సంగీతకారులు ఉన్నారు. అది అద్దెకు తిప్పే విమానం, పైలట్‌కు వాణిజ్య లైసెన్సు ఉంది, కానీ పరికరాల మీదే ఆధారపడి ఎగిరే అర్హత లేదు. కేవలం పరికరాల మీదే ఎగరవలసి వచ్చే ప్రయాణానికి పూనుకోవడమే అవివేకమని విచారణ తేల్చింది. వాతావరణ హెచ్చరికలు అతనికి పూర్తిగా అందలేదన్నది కూడా ఆ నివేదికలోనే ఉంది.

చట్టప్రకారం అన్నీ సరిగ్గా ఉన్న రాత్రి కూడా ఇలాగే ముగియవచ్చు. 1999 జులై 16న అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ సూర్యాస్తమయం తరువాత 8 గంటల 38 నిమిషాలకు న్యూజెర్సీ నుంచి బయలుదేరినప్పుడు కంటిచూపు నియమాలకు కావలసిన దృశ్యమానత ఉంది. అయినా ఆ విమానం సముద్రంలో కూలింది. సముద్రం మీద మసక, చీకటి కలిసిపోయి నింగీ నేలా కలిసే గీత కనిపించకపోవడం ఏ నియమానికీ అందదు.

ఇక నా అనుభవంలో అన్నిటికంటే మొండిదైన చిక్కు గురించి చెబుతాను. చెడు నిర్ణయాల్లో అత్యధిక భాగం ఏమీ కాకుండానే ముగుస్తాయి. గాలివాన ముంచుకొస్తుండగా లేచిన పైలట్ అరగంటలో ఎండలోకి చేరతాడు, దిగాక టీ తాగుతూ ఆ కథ చెబుతాడు, విన్నవాళ్లు మెచ్చుకుంటారు. అతనికి ఆ రోజు అందిన పాఠం ఏమిటి? తన అంచనా సరైనదని. అతని అంచనా సరైనదో కాదో ఆ ప్రయాణం అసలు పరీక్షించనేలేదు, గాలి ఆ పది నిమిషాలు ఊరుకుంది, అంతే. మరోవైపు ఆగిపోయిన పైలట్ మధ్యాహ్నానికి ఆకాశం తేటపడటం చూసి అనవసరంగా భయపడ్డానేమో అని నొచ్చుకుంటాడు. ధైర్యానికి వెంటనే బహుమతి, జాగ్రత్తకు వెంటనే అవమానం దక్కే ఈ ఏర్పాటులో ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ఎటు మొగ్గుతాడో ఊహించవచ్చు. కాబట్టి ప్రయాణం ఎలా ముగిసిందన్నదాన్ని బట్టి నిర్ణయాన్ని కొలవకండి. బయలుదేరే క్షణంలో మీకు తెలిసినదేమిటి, తెలుసుకోగలిగి ఉండి తెలుసుకోనిదేమిటి అన్నవి రాసి ఉంచుకుని, వాటిని బట్టి కొలవండి.

శిక్షణ పుస్తకాల్లో ప్రమాదకరమైన ఐదు మనస్తత్వాల జాబితా ఒకటి ఉంటుంది: నియమాలంటే లెక్కలేనితనం, తొందరపాటు, నాకేం కాదన్న ధీమా, మగతనం చూపాలన్న ఉబలాటం, ఏది జరిగితే అది జరుగుతుందన్న నిస్సహాయత. జాబితా తప్పు కాదు గానీ, నాకు దాని మీద అంత నమ్మకం లేదు, ఎందుకంటే దాన్ని చదివిన ప్రతివాడికీ అందులో తన క్లబ్బులోని మరొకడి ముఖం కనబడుతుంది. వాటిలో మనం తక్కువగా గుర్తించేది చివరిది. ఇంత దూరం వచ్చాం, ఇక పైవాడి దయ అనుకోవడం గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టే, బయటికి మాత్రం అది వినయంలా కనబడుతుంది.

ఆ జాబితాలో లేనిది మొహమాటం. మొహమాటం గురించి మనకున్న సామెత అందరికీ తెలిసిందే, సభామర్యాద కోసం దాన్ని ఇక్కడ చెప్పను. బావగారు కుటుంబంతో వచ్చి సీట్లో కూర్చున్నాక, వాళ్ల పిల్లలు ఫోటోలు దిగాక, రాత్రికి అవతల విందు ఏర్పాటయ్యాక, గాలి అడ్డంగా వీస్తోంది, ఇవాళ వద్దు అనడానికి కావలసిన ధైర్యం అడ్డగాలిలో దిగడానికి కావలసిన ధైర్యంకంటే ఎక్కువ. అందుకే ఆ మాటను ఆ క్షణానికి మిగల్చకూడదు. ఆహ్వానించిన రోజునే చెప్పేయాలి: బావగారూ, వాతావరణం బాగుంటేనే విమానం, లేకపోతే మీరు రైల్లో వెళ్లాలి, రైలు టికెట్ ముందే తీసి ఉంచండి, నేను ఉదయం ఏడింటికి ఫోన్ చేసి ఏ సంగతో చెబుతాను, కారణం అడగొద్దు. టికెట్ చేతిలో ఉన్న ప్రయాణికుడు పైలట్ మీద ఒత్తిడి పెట్టడు. పైలట్‌కూ వద్దనడం అంత కష్టమనిపించదు. రైలు టికెట్‌ను కూడా నేను భద్రతా పరికరాల్లో ఒకటిగానే లెక్కిస్తాను.

పరిమితులు రాసుకోవడం గురించి అందరూ చెబుతారు, నేను ఒక్క షరతు చేరుస్తాను. అడ్డగాలి ఎంత వరకు, మేఘాల అడుగు ఎంత ఎత్తు వరకు, దృశ్యమానత ఎంత వరకు అన్నవి, ఏ ప్రయాణమూ తలపెట్టని రోజున, ఇంట్లో, మీ శిక్షకుడితో కూర్చుని రాసుకోండి. మూడు నెలలు ఎగరకపోతే ఆ అంకెలు ఎంత బిగించాలో కూడా అక్కడే రాయండి. పుస్తకంలో కనిపించే 'చూపించిన అడ్డగాలి' అంకె విమానం తట్టుకుంటుందని తయారీదారు పైలట్ చూపించినది, మీరు తట్టుకుంటారని కాదు. విమానాశ్రయంలో నిలబడి ఆ పరిమితులను కఠినం చేసుకోవచ్చు గానీ సడలించకూడదు. సడలించాలనిపిస్తే ఇంటికి వెళ్లి, వారం ఆగి, అప్పుడు సడలించండి. నిద్ర, మందులు, మద్యం, ఇంట్లో గొడవ, వీటి పరిశీలన కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

ఇవన్నీ దాటి రన్‌వే మీదికి వచ్చాక కూడా ఒక తలుపు తెరిచే ఉంటుంది. సగం రన్‌వే దాటేసరికి, నేల విడిచే వేగంలో 70 శాతం అందకపోతే థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) వెనక్కి లాగి ఆపేయాలన్నది పాత నియమం. 60 నాట్ల దగ్గర లేచే విమానమైతే సగం గుర్తు దగ్గర కనీసం 42 నాట్లు కనబడాలి. వేగం సమంగా పెరుగుతూ పోతే సగం దూరంలో 70 శాతం అందిన విమానం రన్‌వే చివరకు గానీ లేవదు, కాబట్టి ఎదర చెట్లుంటే ఆ గుర్తును ఇంకా ముందే పెట్టుకోవాలి. ఆ గుర్తు ఏ దీపం పక్కనో, ఏ దారి మలుపు దగ్గరో ఇంజిన్ మొదలుపెట్టకముందే పైకి వినబడేలా చెప్పుకోండి. పరుగు మధ్యలో ఎవరూ భాగహారం చేయలేరు.

ఆపేసిన తరువాత జరిగేది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విమానాన్ని తిప్పుకుని, మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి బ్రేకులు గట్టిగా తొక్కి పట్టి, పూర్తి పవర్ ఇచ్చి వదిలేవారు ఉన్నారు. మొదటి ప్రయత్నంలో చాలని రన్‌వే రెండో ప్రయత్నానికి పొడవు పెరగదు. ఏదైనా మారాలి. ఇందాకటి లెక్కకే వద్దాం. ఒక ప్రయాణికుడు, సామాను రైల్లో వెళ్లి, ఇంధనం దారిలో నింపుకునేలా తగ్గించుకుంటే బరువు గుణకం 1.2 పోతుంది. తెల్లవారుజామున బయలుదేరితే వేడి గుణకం 1.1 పోతుంది. గడ్డి తడి, ఎగువ వాలు అలాగే ఉంటాయి. 500ను 1.3తో, 1.1తో గుణిస్తే 715, దాన్ని 1.33తో గుణిస్తే 951 మీటర్లు. అదే రన్‌వే, అదే విమానం, అదే పైలట్, మర్నాడు ఉదయం ఆరు గంటలు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.